నాచారానికి ఉప్పల్ మూడు రోజుల దూరం

నాచారం,
1 జూన్ 2024.

పూజ్యులైన తారామణి అత్తయ్య పాదపద్మాలకు మేనల్లుడు హృషికేశ్ సాష్టాంగపడి రాయునది:

ముందుగా క్షమాపణలు. ఈ కాగితం కోసం ప్రాణం విడిచిన చెట్టుకు. దీన్ని మోసుకొచ్చే పోస్ట్‌మ్యాన్ భుజానికి. పదో తరగతి తర్వాత తెలుగులో పేజీ నింపని నా చేతికి, ఆ చేతిరాత చదవబోయే నీ కళ్లజోడుకి. ఇక ముందు చేయబోయే నేరాలకు కూడా ఇప్పుడే కలిపి చెప్పేస్తున్నాను, అప్పటికి గుర్తుంటుందో లేదో.

ఇక చేసిన నేరం. చిట్టీల ఆఫీసు నుంచి నీకు నోటీసు వచ్చింది. నువ్వు ఫోన్ చేశావు. నేను "ఆఁ, ఆఁ, రేపే కట్టేస్తా" అన్నాను. ఆ రేపు పదకొండు రోజులుగా రాలేదు. "ఫోన్లో నీతో మాట్లాడటం కంటే గోడకు సున్నం వేసుకోవడం నయం, ఏం జరిగిందో ఉత్తరం రాయి" అన్నావు. రాస్తున్నాను.

లక్ష రూపాయల చిట్టీ. నెలకు ఐదు వేలు, ఇరవై నెలలు. మూడో నెలలోనే వేలంలో పాట పాడి డెబ్బై వేలు ఎత్తుకున్నాను. నా తరఫున జామీనుగా నువ్వు నీ రెండు లక్షల పోస్టాఫీసు బాండు పెట్టావు. ఆ డెబ్బై వేలతో నాలుగు నెలల్లో నాలుగు జీవితాలు మొదలుపెట్టాను: ఫొటోగ్రాఫర్‌గా, సైకిల్ యాత్రికుడిగా, కుమ్మరిగా, చేపల సంరక్షకుడిగా. కెమెరా బీరువాలో ఉంది. సైకిల్‌కి గాలి లేదు. కుమ్మరి చక్రం మీద ఇస్త్రీకి వేయాల్సిన బట్టలున్నాయి. చేపలు మాత్రం బతికున్నాయి, అదీ తక్కెళ్లు పరీక్షించే మా ల్యాబ్‌లోనే పనిచేసే నా రూమ్మేట్ ఉమామహేశ్వర్ మేత వేస్తున్నాడు కాబట్టి.

"నాలుగైనయి. ఇంగేం మిగిలింది బై, గుర్రమా?" అంటున్నాడు వాడు. నాకు గుర్రం ఆలోచన వచ్చిన మాట నిజం. వాడికి చెప్పలేదు.

ఏప్రిల్, మే వాయిదాలు తప్పాయి. ఇక ఎప్పుడైనా మూడోసారి తప్పితే వాళ్లు నీ బాండు విరిచి వసూలు చేసుకుంటారట. విచిత్రం ఏమిటంటే, రెండుసార్లూ గడువు రోజున, ఏడో తేదీన, డబ్బు ఖాతాలో ఉంది, కట్టాలన్న సంగతి బుర్రలో లేదు. ఇరవయ్యో తేదీకి సంగతి గుర్తొచ్చింది, డబ్బు లేదు. నాచారంలో ఉన్న ఫ్యాక్టరీల తక్కెళ్లన్నీ మిల్లీగ్రాము తేడా రాకుండా తూస్తున్నాయని సంతకం పెట్టేది నేనే. నవ్వుకో.

రామంతాపూర్‌లో డాక్టర్ నీరజ గారి దగ్గరికి వెళ్లాను. గంటన్నర మాట్లాడించి, ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవకపోవడం, అన్నారు. చిన్నపిల్లలకే అనుకున్నాను, పెద్దయినా పోదట. "నీది బద్ధకం కాదు. ఎదురుగా ఉన్నది నీకు కొండంత. ఎదురుగా లేనిది అసలు లేనే లేదు. ఏడో తేదీ ఏడో తేదీ దాకా నీకు కనపడదు" అన్నారు. ఇరవై ఏడేళ్లలో నా గురించి ఎవరూ తిట్టకుండా చెప్పిన మొదటి నిజం అది. బయటికొచ్చి పది నిమిషాలు గేటు పక్క అరుగు మీద కూర్చున్నాను.

నాన్నకి చెప్పకు.

నీ అపరాధి,
హృషికేశ్

*

ఉప్పల్,
5 జూన్ 2024.

చిరంజీవి హృషికేశ్‌కి అత్తయ్య ఆశీస్సులు.

ఒరేయ్, చెట్టుకు క్షమాపణ చెప్పావు, పోస్ట్‌మ్యాన్ భుజానికి చెప్పావు, కవరుకి స్టాంపు మాత్రం అతికించలేదు! ఆ పోస్ట్‌మ్యాన్ గేటు దగ్గర నిలబడి, "అమ్మా, తారామణమ్మ గారింటికే బేరింగ్ ఉత్తరమొచ్చింది. పది రూపాయలు ఇయ్యాలె" అని నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని స్టాంపు లేని ఉత్తరాలకి జరిమానా ముద్ర కొట్టినదాన్ని. నా సొంత రక్తం నాకే కొట్టించింది.

ఆ డాక్టరమ్మ పెట్టిన పేరు నాకు నోరు తిరగదు. మన ఇంట్లో దాన్ని గాలివాటం అనేవారు. మీ తాతయ్య నిన్ను గాలివాటం వెధవ అంటే నేనే అడ్డం పడ్డాను, గుర్తుందా? ఉండదులే.

పాత రెండు వాయిదాలూ నేను కట్టేశాను. ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఇంకో పన్నెండు వాయిదాలున్నాయి. ఇక మీద ఒక్క పైసా కట్టను, ఒట్టు.

ఇప్పుడు చెప్పేది చదివి గోడకి అంటించు. ఐదు వందలు దాటిన ఏ వస్తువు కొనాలన్నా, ముందు నాకు అర్జీ పెట్టాలి. కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, పైన "అర్జీ" అని రాసి, స్టాంపు అతికించి (అండర్‌లైన్ చేశాను, చూడు) డబ్బాలో వెయ్యాలి. నేను ఆలోచించి "తీర్పు" అని రాసిన కవర్లో జవాబు పంపుతాను. అది అందేదాకా కొనకూడదు. ఈ కబుర్ల ఉత్తరాలు వేరు, అర్జీలు వేరు, ఒకదాంట్లో ఒకటి కలపకు. కొనడాల గురించి ఫోన్ చెయ్యకు, ఎత్తను.

నాచారం నుంచి ఉప్పల్‌కి షేర్ ఆటోలో పావుగంట. టపాలో మూడు రోజులు. తిరుగు టపాకి ఇంకో మూడు. నీ రోగానికి ఆ దూరమే మందు.

అత్తయ్య

*

నాచారం,
11 జూలై 2024.

సర్వోన్నత న్యాయపీఠం, ఉప్పల్ వారికి దాసుడు హృషికేశ్ నమస్కరించి రాయునది:

జూన్ వాయిదా కట్టాను. జూలై వాయిదా నేను కట్టలేదు. కంగారుపడకు, అదే వెళ్లిపోయింది! జీతం ఒకటో తేదీన పడుతుంది కదా, రెండో తేదీ పొద్దున్నే ఐదు వేలు చిట్టీ ఆఫీసుకి దానంతటదే పోయేలా బ్యాంకులో రాసిచ్చాను. నేను నిద్ర లేచేసరికి నా బాధ్యత నెరవేరిపోయి ఉంది. జీవితంలో మిగతావి కూడా ఇలాగే ఉంటే ఎంత బాగుండు.

ఫోన్లో ప్రతి షాపుకీ నా కార్డు నంబరు ముందే తెలుసు. అన్నిట్లోంచీ తీసేశాను. ఇప్పుడు ఏదైనా కొనాలంటే లేచి వెళ్లి, కార్డు వెతికి, పదహారు అంకెలు కొట్టాలి. పదకొండో అంకె దగ్గర నా ఆసక్తి చచ్చిపోతోంది.

డాక్టర్ గారు ఇంకోటి చెప్పారు. బిల్లులు, రసీదులు, బ్యాంకు కాగితాలు చూసేటప్పుడు పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోమన్నారు. సాయం చేయక్కర్లేదట, ఉంటే చాలట. ఉమామహేశ్వర్‌ని అడిగాను.

"నేనేం జెయ్యాలె?"

"ఏం చెయ్యొద్దు. కూర్చో."

"ఉత్తగనే?"

"ఉత్తగనే."

"అరే, గీ పని నాకు మస్తుగొస్తది. ముందు జెప్పక పోతివి."

పోయిన శనివారం కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గోళ్లు కత్తిరించుకున్నాడు. గంటలో నేను ఏడాది కాగితాలు సర్దాను. మధ్యలో లేవబోతే తల ఎత్తకుండానే "ఏడికి?" అన్నాడు. కూర్చున్నాను. ఆ ఒక్క మాటకి నా జీవితంలో ఉన్నంత శక్తి ఏ సుభాషితానికీ లేదు.

మూడు అర్జీలకి మూడు తీర్పులూ అందాయి. తమరి విజ్ఞత అపారం. శిరసావహించాను.

ఈ కవరుకి స్టాంపు ఉంది. రెండుసార్లు చూశాను.

దాసుడు,
హృషికేశ్

*

ఉప్పల్,
18 ఆగస్టు 2024.

ఒరేయ్ హృషీ,

ఆగస్టు వాయిదా కూడా పడిందో లేదో చూద్దామని చిట్టీల ఆఫీసుకి వెళ్లాను. మేనేజర్ శశిధర్ నన్ను చూసి ఆయనే కిందికి దిగివచ్చాడు. "అమ్మా, మీ అల్లుడు పైసలు లేనోడు కాదు, పైసలు మర్శిపోయెటోడు. గిసోంటోళ్లతోనే మాకు జర భయం. లేనోడైతె కండ్ల ముంగట కాళ్లబేరానికొస్తడు. ఈయన నవ్వుకుంట వోతడు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "మూడు నెలలుగా తప్పలేదు కదా, రిజిస్టర్ తీసి చూడు" అన్నాను. చూశాడు. "రెండో తారీఖుకే పడ్తున్నయి. ఏం మందు వెట్టిన్రమ్మా?" అన్నాడు. "టపా" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. కానక్కర్లేదు.

నీ అర్జీలు వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కటీ బాగా ఆలోచించే తీర్పు రాస్తున్నాను. నీకు నచ్చినా నచ్చకపోయినా.

వర్షాలు. ఆవకాయ సీసా పంపిస్తాను, ఎవరైనా అటు వచ్చేవాళ్లుంటే.

అత్తయ్య

*

నాచారం,
26 ఆగస్టు 2024.

అత్తయ్యా,

శనివారం రసీదు కోసం నేనూ ఆ ఆఫీసుకి వెళ్లాను. శశిధర్ గారు మాటల్లో అన్నారు: "మీ అత్తమ్మ మెట్లెక్కలేకపోయింది. కిందనే గోడ వట్టుకోని నిలవడ్డది. గా బాండు చేతికొస్తెనే మోకాళ్ల ఆపరేషనంట గదా, వచ్చే జూన్‌ల."

నీ ఉత్తరంలో ఆయనే కిందికి దిగివచ్చాడని రాశావు. ఎందుకు దిగాడో రాయలేదు.

అవి నీ మోకాళ్ల డబ్బులా? సంతకం పెట్టిన రోజున "ఊరికే పోస్టాఫీసులో మూలుగుతున్నాయిలే" అన్నావు. నేను వాటి మీద చేపలు కొన్నాను.

ఏం రాయాలో తెలియడం లేదు. ఈ ఉత్తరంలో జోకులు లేవు, వెతక్కు.

హృషి

*

ఉప్పల్,
31 ఆగస్టు 2024.

నా బంగారు కొండకి,

శశిధర్ నోట్లో నువ్వుగింజ నానదు. ఏం చేస్తాం.

అవును, మోకాళ్లకే. రెండూ అరిగిపోయాయి. డాబా మీదికెక్కి ఏడాదిన్నర అయింది. పైన నా కరివేపాకు చెట్టు ఉందో లేదో పక్క వాటా వాళ్లు చెబితేనే తెలుస్తుంది. బాండు జూన్‌లో చేతికొస్తుంది, దానికి నా పెన్షన్‌లో మిగిల్చింది కలిపి చేయించుకుందామని. నీకు చెబితే ఏమవుతుంది? భయపడతావు. భయపడితే నువ్వు కాగితం మొహం చూడవు. చిన్నప్పుడు లెక్కల పరీక్ష ఉందంటే మంచం కింద దూరేవాడివి. అందుకని చెప్పలేదు.

ఇప్పుడు తెలిసింది కదా. తెలిసినా ఫరవాలేదు, చెయ్యాల్సిన పనేమీ పెరగలేదు. రెండో తేదీన అది దానంతటదే వెళ్తుంది. నువ్వు దానికి అడ్డం రాకుండా ఉంటే చాలు.

జోకులు లేకుండా రాయకు. నీ ఉత్తరం ఎవరో చనిపోయినట్టుగా ఉంది.

అత్తయ్య

*

నాచారం,
27 అక్టోబర్ 2024.

ఉప్పల్ పీఠాధీశ్వరికి జయము జయము!

ఐదు వాయిదాలు! వరసగా! నా జీవితంలో వరసగా ఐదుసార్లు చేసిన పని ఇంతకుముందు తుమ్మడం ఒక్కటే.

దసరాకి నీ చేతికిచ్చిన బోనస్ ఐదు వేలు ఆపద సమయంలోనే తియ్యి. నా దగ్గరుంటే ప్రతి రోజూ ఆపదే కాబట్టి నీ దగ్గర పెట్టాను. నువ్వు కవర్లో పెట్టి భద్రంగా దాచడం నా కళ్లారా చూశాను. ఎంత భద్రంగా అంటే నా ముందే "అటు తిరుగు" అన్నావు.

ఒక్క సంగతి చెప్పాలి. మొన్నామధ్య ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఒక షాపులో టెలిస్కోపు చూశాను. ఎనిమిది వేలు. శనిగ్రహం వలయాలు కనపడతాయట. నా కాళ్లు ఆగిపోయాయి, చెవులు మూసుకుపోయాయి, నేను పుట్టిందే శనిగ్రహం చూడటానికని అర్థమైపోయింది. చెయ్యి జేబులోకి వెళ్లింది. జేబులో కార్డు లేదు, అర్జీల కోసం నీ అడ్రసు రాసి ఉంచుకున్న కవరు ఉంది. అక్కడే కౌంటర్ మీద పెట్టి అర్జీ రాయడం మొదలుపెట్టాను. షాపతను నన్నూ, కాగితాన్నీ, పైన రాసిన "అర్జీ" అనే మాటనూ చూసి, "ఏంది సార్, కంప్లైంటా? జర కూసోండ్రి, చాయ్ తాగుండ్రి" అని కుర్చీ వేశాడు. చాయ్ తాగి, అర్జీ డబ్బాలో వేసి, ఇంటికొచ్చాను. నాలుగో రోజుకి శనిగ్రహం దాని మానాన అది తిరుగుతోందని, నేను చూడకపోయినా ఆగదని తట్టింది.

తీర్పు ఏడో రోజున వచ్చింది. ఎప్పటిలాగే న్యాయంగా ఉంది.

మందు వేసుకుంటున్నాను. పొద్దున ఒకటి. తల లోపల నాలుగు రేడియోలు మోగేవి, ఇప్పుడు ఒకటిన్నరే.

జయీభవుడు,
హృషికేశ్

*

ఉప్పల్,
5 జనవరి 2025.

హృషీ,

నిన్న నువ్వు వెళ్లిపోయాక కూడా రాత్రి భోజనం వేళ దాకా వెతికాను. బీరువా, దేవుడి గూడు, బియ్యం డబ్బా, దిండు గలీబులు, మీ మావయ్య పాత సూట్‌కేసు. ఆ కవరు లేదు. పెట్టింది నేను. పెట్టిన చెయ్యి ఇదే. ఎక్కడ పెట్టానో చెప్పమంటే చెప్పదు.

మీ ల్యాబ్ వాళ్లు జీతాలు పదిహేనో తేదీకి వాయిదా వేస్తారని ఎవరికి తెలుసు? ఇలాంటి రోజు కోసమే కదా ఆ ఐదు వేలు దాచింది. ఏడో తేదీ ఎల్లుండే. పెన్షన్లోంచి ఇస్తానంటే గేటు దగ్గర నిలబడి ఏమన్నావు? "నువ్వు కడితే వాయిదా తీరుతుంది అత్తయ్యా, నేను తీరను." అనేసి వెళ్లిపోయావు. అంత పెద్ద మాటలు ఎక్కడ నేర్చావు?

కవరు పోయిందని నువ్వు ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

నా మోకాళ్లు ఇంకో ఏడాది ఆగుతాయి. నువ్వు ఎవరి దగ్గరా వడ్డీకి తేకు.

అత్తయ్య

*

నాచారం,
8 జనవరి 2025.

అత్తయ్యా! అత్తయ్యా! అత్తయ్యా!

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఇక నువ్వు కూర్చో. మోకాళ్లు చాపుకుని కూర్చో.

ఆరో తేదీ సాయంత్రం నేనూ ఉమామహేశ్వర్ కుర్చీలేసుకుని కూర్చున్నాం. వాడు రోజూలాగే ఏమీ చెయ్యకుండా చూస్తూ, "సెల్ఫోన్ గిరవి వెట్టు" అన్నాడు. వద్దన్నాను. "సైకిల్ అమ్ము." గాలి లేని సైకిలు, బూజు పట్టిన కెమెరా రాత్రికి రాత్రి ఎవడు కొంటాడు? అప్పుడు వాడు లేచి, చేపలకి మేత వెయ్యడానికి వెళ్లి, అక్కడే ఆగిపోయాడు. నా వంక చూశాడు. నేను వాడి వంక చూశాను. చేపలు ఇద్దరి వంకా చూశాయి.

ఏడో తేదీ పొద్దున ట్రాలీ ఆటోలో నాలుగడుగుల అద్దాల తొట్టి, స్టాండు, మోటారు, బకెట్లో పదకొండు చేపలతో చిట్టీల ఆఫీసు ముందు దిగాం. శశిధర్ గారు బయటికొచ్చారు.

"గిదేంది?"

"వాయిదా సార్."

"చిట్టీ పైసలు తెమ్మంటె చేపలు తెస్తివా?"

నా పద్నాలుగు వేల తొట్టిని ఐదు వేలకు ఇస్తానన్నాను. మీ ఆఫీసుకి అందరూ కోపంగా వస్తారు, గోడ మీద చూడటానికి క్యాలెండర్ తప్ప ఏమీ లేదు, ఇది పెడితే కాసేపు చూసి చల్లబడతారు అన్నాను. ఆయన బకెట్లోకి తొంగిచూశారు. లోపల బెంచీ మీద ఒకాయన అప్పటికే ఏదో పాట లెక్క మీద గొంతు చించుకుంటున్నాడు. ఆయన కూడా బయటికొచ్చి, బకెట్లో చూసి, "గీ నల్లది మంచిగున్నది" అని గొంతు దించాడు.

శశిధర్ గారు ఒక్క నిమిషం ఆలోచించి లోపలికి వెళ్లి, రసీదు పుస్తకం తీశారు. జనవరి వాయిదా, ఐదు వేలు, ముట్టినది. ముద్ర కొట్టారు. తర్వాత నన్ను చూసి నవ్వకుండా, "నిరుడైతె నువ్వు ఇయ్యాల ఏడో తారీఖని గూడ యాదికి పెట్టుకోకపోదువు" అన్నారు. అత్తయ్యా, నాకు ఎమ్మెస్సీ పట్టా ఇచ్చిన రోజున కూడా ఎవరూ ఇంత గౌరవించలేదు.

ఉమామహేశ్వర్ మాత్రం చేపలకి మేత ఎప్పుడెయ్యాలో చెప్పడానికి అరగంట ఉండిపోయాడు. వచ్చే దారంతా ఖాళీ బకెట్ ఒళ్లో పెట్టుకున్నాడు.

కవరు సంగతి వదిలెయ్. వస్తువులు పోగొట్టడంలో ఇంట్లో నాకొక తోడు దొరికింది.

విజేత,
హృషికేశ్

*

ఉప్పల్,
19 జనవరి 2025.

ఒరేయ్ విజేతా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి పక్క వాటా వాళ్లకి కూడా చదివి వినిపించాను.

"తోడు" అని సరదాగా అన్నావు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. కౌంటర్లో కూర్చున్నన్నాళ్లూ నా లెక్కలో పైసా తేడా రాలేదు. ఎందుకు రాలేదంటే అక్కడ ప్రతిదానికీ ఒక గూడు, ఒక ముద్ర, ఒక టైము ఉండేవి. కౌంటర్ దాటి ఇంటికొస్తే పాలు పొంగేవి, తాళాలు పోయేవి, కరెంటు బిల్లు మీద కూర్చుని కరెంటు బిల్లు వెతికేదాన్ని. మీ మావయ్య "పోస్టాఫీసులో ఉండే తారామణి వేరే మనిషేమో, ఒకసారి ఇంటికి పిలవాలి" అనేవారు. అందరం నవ్వేవాళ్లం. నేను కూడా నవ్వేదాన్ని. తర్వాత వంటింట్లోకి వెళ్లి కాసేపు నిలబడేదాన్ని.

నీ డాక్టరమ్మ అరవై మూడేళ్లవాళ్లని కూడా చూస్తుందా? ఊరికే అడుగుతున్నాను.

అత్తయ్య

*

నాచారం,
24 జనవరి 2025.

అత్తయ్యా,

చూస్తారట. శనివారం పదకొండింటికి. ఆటో తీసుకుని నేనే వస్తాను. ఆవిడ గది కిందనే ఉంది, మెట్లు లేవు, ముందే కనుక్కున్నాను.

నీ తోడు,
హృషి

*

ఉప్పల్,
1 జూన్ 2025.

చిరంజీవి హృషికేశ్‌కి, అత్తయ్య నిండు మనసుతో ఆశీస్సులు.

మొన్న బాండు చేతికొచ్చింది. శశిధరే ఇంటికి తెచ్చి ఇచ్చాడు. "అమ్మా, పన్నెండుకు పన్నెండు! మా ఆఫీసుల గిట్ల కట్టినోడు ఈ ఏడు ఇంకొగలు లేరు. చేపలు పదకొండు ఇరవై మూడైనయని చెప్పుండ్రి" అన్నాడు. ఈ నెల పద్దెనిమిదిన ఆపరేషన్. ముందు కుడి మోకాలు. కార్తీకానికి డాబా ఎక్కుతాను.

ఇప్పుడిక దాచడానికేమీ లేదు కాబట్టి ఒక సంగతి చెప్పేస్తాను. కోప్పడకు.

నీ అర్జీలు నేను ఒక్కటీ చదవలేదు.

పోయిన జూన్‌లో ఆ రూలు పెట్టినప్పుడే నాకు నా సంగతి తెలుసు. ప్రతి అర్జీ చదివి, ఆలోచించి, జవాబు రాసి, కవరు వెతికి, స్టాంపు వెతికి... రెండోదానికే మర్చిపోతాను. అందుకని ఒక్క పొద్దున కూర్చుని రెండు డజన్ల చీటీలు రాసేశాను. అన్నిటి మీదా ఒకటే మాట: "కొనుక్కో." కవర్లలో పెట్టి, నీ అడ్రసు రాసి, స్టాంపులు అతికించి, రబ్బరు బ్యాండు వేసి బల్ల మీద పెట్టుకున్నాను. నీ అర్జీ రాగానే దాన్ని బిస్కెట్ల డబ్బాలో పడేసి, కట్టలోంచి ఒక తీర్పు తీసి పోస్టు చేసేదాన్ని. వెళ్లి రావడానికి పట్టే వారం రోజులే నీకు కావాలి, నా తెలివితేటలు కాదు అనుకున్నాను. పంతొమ్మిది అర్జీలు, పంతొమ్మిది తీర్పులు.

కానీ నాకు ఒకటి అర్థం కావట్లేదురా. పంతొమ్మిదింటికీ కొనుక్కోమన్నాను. నువ్వు ఒక్కటీ కొనలేదు! అనుమతి చేతిలో పెట్టుకుని కూడా ఆగావంటే అది మామూలు నిగ్రహమా? పక్క వాటా వాళ్లకి చెప్పాను. డాక్టర్ నీరజ గారికి చెప్పాను. మీ నాన్నకి కూడా చెప్పేశాను, పూర్తిగా. వాడు అంతా విన్నాడు. తర్వాత, "వాడికి నా పోలిక కాదు, నీ పోలికే" అన్నాడు. తిట్టాడనుకోకు. గొంతు అలా లేదు.

ఎలా ఆగగలిగావో నాకు చెప్పు. నేనూ నేర్చుకుంటాను.

అత్తయ్య

*

నాచారం,
8 జూన్ 2025.

పూజ్యులైన తారామణి అత్తయ్య మోకాళ్లకు, ముఖ్యంగా కుడిదానికి, మేనల్లుడు హృషికేశ్ నమస్కరించి రాయునది:

ఏడాది కిందట చెట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి అందరికీ క్షమాపణలు చెప్పుకున్నాను. చెయ్యబోయే నేరాలకు కూడా ముందే చెప్పాను. వాటిలో ఏవి చేశానో ఈరోజు కోర్టు వారికి విన్నవిస్తాను.

నిగ్రహం అనే నేరం నేను చెయ్యలేదు. నీ ఉత్తరం చదివాక మంచం కింద ఉన్న చెప్పుల డబ్బా బయటికి లాగాను. అందులో నీ తీర్పులు పంతొమ్మిదీ ఉన్నాయి. ఒక్కటీ విప్పి లేదు.

మొదటిది వచ్చేసరికి నేను ఏం అడిగానో మర్చిపోయాను. విప్పితే గుర్తొస్తుంది, గుర్తొస్తే కావాలనిపిస్తుంది అని భయమేసి డబ్బాలో పడేశాను. రెండోదీ అంతే. తర్వాత అది అలవాటైంది. "తమరి విజ్ఞత అపారం" అని రాసినప్పుడల్లా నీ విజ్ఞత ఏమిటో నాకు తెలియదు. నువ్వు చదవని అర్జీలకి నేను విప్పని తీర్పులు. ఈ దేశంలో ఇంత సజావుగా నడిచిన కోర్టు ఇంకోటి ఉండదు.

నిన్న ఉమామహేశ్వర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ విప్పాను. కొనుక్కో. కొనుక్కో. కొనుక్కో. వాడు లెక్కపెడుతున్నాడు. నవంబర్ ముద్ర ఉన్న ఒక కవరు మొదటినుంచీ కాస్త లావుగా ఉండేది. అందులో పెద్ద తిట్లున్నాయని దాన్ని అడుక్కి తోసేశాను. విప్పితే చీటీ మీద "కొనుక్కో" అని ఉంది, దాన్ని చుట్టుకుని పది ఐదువందల నోట్లు ఉన్నాయి.

అత్తయ్యా, నా దసరా బోనస్! దాచడానికి కవరు కావాల్సి వచ్చి, బల్ల మీద అందిన కవరు తీసి అందులో పెట్టావు. తర్వాత దాన్నే నాకు పోస్టు చేశావు. నువ్వు దిండు గలీబులు విప్పుతున్న రోజున, నేను చేపల్ని ఆటో ఎక్కిస్తున్న రోజున, ఆ డబ్బు నా మంచం కిందనే ఉంది. ఉమామహేశ్వర్ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు. కాసేపటికి, "అంటె నా చేపలు..." అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు కౌంటర్లో కూర్చున్న మనిషి సాదా టపాలో నగదు పంపిందని నేను ఎవరికీ చెప్పను. శశిధర్ గారికి ఒక్కరికే చెప్పాను.

కాబట్టి, ఆగడం నేను చేసింది కాదు, మూడు రోజుల దూరం చేసింది. కట్టడం బ్యాంకు చేసింది. కూర్చోవడం ఉమామహేశ్వర్ చేశాడు. పక్క వాటా వాళ్లకి ఈ సవరణ చదివి వినిపించు. ఇప్పుడు నా చేతిలో పంతొమ్మిది అనుమతులున్నాయి, శనిగ్రహం తప్ప వేటికో ఒక్కటీ గుర్తులేదు. జాబితా అంతా నీ బిస్కెట్ల డబ్బాలో ఉంది. దయచేసి దాని మూత తియ్యకు. నీ ఆపరేషన్ రోజున ఆసుపత్రికి తెచ్చెయ్, ఇద్దరం కలిసి చింపుదాం.

పద్దెనిమిదిన నేను సెలవు పెట్టాను. ముందు రోజు రాత్రే వస్తాను. ఉమామహేశ్వర్ కూడా వస్తానన్నాడు. ఏం చేస్తావంటే, "ఉత్తగ కూసుంట" అన్నాడు.

ఇక, ఈ పన్నెండు నెలల్లో నేను నిజంగా చేసిన నేరం ఒక్కటుంది. ఒప్పుకుంటున్నాను.

నిన్న సాయంత్రం ఆ నోట్లు చేత్తో పట్టుకుని, "కొనుక్కో" అన్న నీ దస్తూరీ చూస్తుంటే నా చెవులు మూసుకుపోయాయి. అర్జీ పెట్టలేదు. మూడు రోజులు ఆగలేదు. మూడు నిమిషాలు కూడా ఆగలేదు. తిన్నగా వెళ్లి, ఐదు వందల పరిమితి దాటి, ఐదు వందల ఎనభై రూపాయలు ఖర్చుపెట్టాను.

వంద కవర్లు, వంద స్టాంపులు.

హృషికేశ్